డయాలసిస్ చేయించుకునేవారికి నడుము నొప్పి: మాత్రా, జెల్లా, ఫిజియోథెరపీయా, ఇంజక్షనా?

నడుము నొప్పి అనగానే సలహాలకు కరువుండదు. మందుల షాపులో ఒక స్ట్రిప్ చేతిలో పెడతారు. ఆర్‌ఎంపీ సూది వేస్తానంటాడు. పక్కింటావిడ ఆముదం రాసి కాపడం పెట్టమంటుంది. ఎముకల డాక్టరు బెల్టుతో పాటు మూడు రకాల మాత్రలు రాస్తారు. కిడ్నీలు బాగున్న మనిషికి వీటిలో ఏది పట్టుకున్నా చాలాసార్లు గడిచిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండేవారికి అలా కాదు. అందరికీ అలవాటైన మాత్రే వీళ్లని ఆస్పత్రిలో చేర్పించగలదు.

అందుకే "ఏది పవర్ ఎక్కువ" అని వెతకడం ఇక్కడ దండగ. ఆ మందు ఒంట్లోంచి ఏ దారిన బయటికి పోతుంది, ఆ నొప్పి వెనక ఇంకేదైనా దాక్కుని ఉందా అన్నవే అసలు ప్రశ్నలు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నొప్పి ఎప్పుడొస్తోంది? కుర్చీలో రెండో గంట దాటాక మొదలై, ఇంటికెళ్లి పడుకుంటే తగ్గే నొప్పి ఒక రకం. అది ఎక్కువగా కూర్చునే తీరు వల్ల వస్తుంది. మిషన్ నీరు ఎక్కువ లాగినప్పుడు పిక్కలు పట్టేసినట్టే నడుము కండరాలూ పట్టేస్తాయి, అది ఇంకో రకం. దానికి మాత్ర మింగి లాభం లేదు. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరుగుతోంది, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) మళ్లీ సరిచూడాలా అని అడగాలి. కాస్త ఒళ్లు చేసినవాళ్లకి కూడా పాత డ్రై వెయిట్ దాకా నీరు లాగేస్తుంటే ఈ పట్టేయడం మామూలే.

మూత్రం ఇంకా వస్తోందా? రోజుకు ఒకటి రెండు గ్లాసులే వచ్చినా అది పెద్ద ఆస్తి. ఆ మేరకు నీళ్లు తాగే వీలుంటుంది, మిషన్ లాగాల్సింది తగ్గుతుంది, పొటాషియం కూడా కొంత పోతుంది. కొన్ని నొప్పి మాత్రలు ఆ మిగిలినదాన్నీ పోగొడతాయి.

మందు లివర్ దారిన పోతుందా, కిడ్నీ దారినా? కిడ్నీ దారిన పోవాల్సినది పోలేక పేరుకుంటుంది. మరికొన్నింటిని డయాలసిస్ కడిగేస్తుంది కాబట్టి మిషన్ ఎక్కే ముందు వేసుకుంటే వృథా.

రక్తస్రావం భయం ఎంత? డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. కిడ్నీ జబ్బులో ప్లేట్‌లెట్లు ఎలాగూ సరిగ్గా పనిచేయవు. చాలామంది గుండె కోసం రక్తం పలచనచేసే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ కూడా వాడుతుంటారు. మూడూ కలిసినచోట కడుపులో చిన్న పుండు కూడా చిన్న విషయం కాదు.

ఎముకలు ఎలా ఉన్నాయి? భాస్వరం (ఫాస్ఫరస్), పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) అదుపు తప్పితే ఎముక పెళుసవుతుంది. బకెట్ ఎత్తినా, తుమ్మినా వెన్నుపూస నొక్కుకుపోయి విరగవచ్చు. నొప్పికి ఏ మార్గం పట్టాలో తేల్చే ముందు క్యాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రిపోర్టులు ఒకసారి ముందుపెట్టుకోవాలి.

## వీళ్లు మార్గం ఎంచుకోకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి

మెడలోనో తొడలోనో డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం (క్యాథటర్) ఉండి, కొత్తగా నడుము నొప్పి మొదలై, రాత్రి పడుకున్నా తగ్గకపోతే మొదట అనుమానించాల్సింది వెన్నులో ఇన్‌ఫెక్షన్. క్యాథటర్ దగ్గర రక్తంలోకి దూరిన బ్యాక్టీరియా, ముఖ్యంగా స్టెఫైలోకాకస్, వెన్నుపూసల మధ్య డిస్క్‌లో కూర్చుంటుంది. జ్వరం ఉండాలనేం లేదు. డయాలసిస్ పేషెంట్లలో రోగనిరోధక శక్తి మందగించి ఉంటుంది కాబట్టి జ్వరం లేకుండానే లోపల చీము పట్టవచ్చు. మన దగ్గర దీనికి తోడు వెన్ను టీబీ ఒకటుంది. అది నెలల తరబడి మామూలు నొప్పిలాగే నటిస్తుంది, సాయంత్రం పూట కాస్త ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం తప్ప. ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ చూసే రక్తపరీక్ష) ఎక్కువుందని కంగారుపడనక్కర్లేదు, డయాలసిస్‌లో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. సీఆర్‌పీ (అలాంటిదే మరో రక్తపరీక్ష), బ్లడ్ కల్చర్, ఎమ్మారై చూసి డాక్టర్లు తేలుస్తారు. ఎమ్మారైకి కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇవ్వాలంటే, డయాలసిస్ పేషెంటునని స్కానింగ్ సెంటర్లో ముందే చెప్పాలి. కాంట్రాస్ట్‌కి వాడే గాడోలినియం మందుల్లో కొన్ని రకాలు వీళ్లకి చర్మం, లోపలి కణజాలం గట్టిపడే జబ్బు తెచ్చిపెట్టవచ్చు.

కాళ్లలో బలం తగ్గడం, మలం తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కడం, ఇవి నరాలు నొక్కుకుపోతున్న గుర్తులు. మామూలు పేషెంట్లకి "మూత్రం ఆగిందా" అని అడుగుతారు. మూత్రమే రానివారికి ఆ గుర్తు కనపడదు, కాబట్టి మిగతా మూడింటినీ మరింత గట్టిగా పట్టించుకోవాలి.

మిషన్ మొదలైన కాసేపటికే వీపు, ఛాతీ పట్టేసినట్టుంటే "గ్యాస్ అయి ఉంటుందిలే" అని ఓర్చుకోవద్దు. అది డయలైజర్ (రక్తాన్ని వడపోసే గొట్టం) పడకపోవడం కావచ్చు, గుండె కావచ్చు, అరుదుగా ట్యూబుల్లో రక్తకణాలు పగిలిపోవడమూ కావచ్చు. వెంటనే టెక్నీషియన్‌ని పిలవాలి.

కింద పడ్డ తర్వాత మొదలైన నొప్పికి ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏదైనా.

## మార్గాలు ఒక్కొక్కటిగా

### కాపడం, నూనె, పడక

చవకైనది, చాలామందికి పనిచేసేది. వేడినీళ్ల బ్యాగు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టొచ్చు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకి మాత్రం చర్మం కాలినా తెలియదు. వాళ్లకి పెట్టేముందు ఇంకొకరు చేత్తో వేడి చూడాలి. నువ్వుల నూనెతో మెల్లగా మర్దన చేయడంలో తప్పులేదు, దానివల్ల డయాలసిస్‌లో ఎండిపోయే చర్మానికీ కాస్త మేలే. మిషన్ మీద ఉండగా నడుముకి వేడి పెట్టడం మాత్రం వద్దు. అసలే బీపీ పడిపోయే సమయమది.

"గట్టి నేల మీద పడుకో, నడుము నిలబడుతుంది" అంటారు. తొడల్లో కండ తగ్గినవాళ్లు నేల మీంచి లేవాలంటే చేతుల మీద బరువు వేయాలి. ఆ చెయ్యి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్నదే అయితే? లేస్తూ తూలితే? మరీ కుంగని పరుపు ఉన్న మంచమే నయం. ఫిస్టులా చెయ్యి నలుగుతుందని ఎప్పుడూ రెండో వైపే పడుకునేవాళ్లు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నడుము మెలిపడదు.

ఊళ్లలో ఇంకో అలవాటుంది: నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకోవడం, పిల్లల చేత తొక్కించుకోవడం. పెళుసు ఎముకలున్న డయాలసిస్ పేషెంటుకి ఇది సరదా విషయం కాదు. నరం లాగుతామని మెలితిప్పేవాళ్ల దగ్గరికి వెళ్లడమూ అంతే.

### ఫిజియోథెరపీ

నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ వాడబడుతున్న, ఎక్కువ ఫలితమిచ్చే మార్గం ఇదే. మాత్రలా గంటలో తగ్గించదు, వారాలు పడుతుంది. కానీ ఒంట్లో పేరుకోదు, కడుపులో పుండు చేయదు, పైగా డయాలసిస్‌లో కరిగిపోయే కండని నిలబెడుతుంది. చాలామంది మానేసేది నొప్పి వల్ల కాదు, నీరసం వల్ల. డయాలసిస్ అయిన రోజు ఒంట్లో ఓపిక ఉండదు. మర్నాడు పొద్దున్న పెట్టుకుంటే కుదురుతుంది. కొన్ని సెంటర్లలో మిషన్ మీద ఉండగానే కాళ్ల వ్యాయామం చేయిస్తారు. అది మొదటి రెండు గంటల్లోనే చేయాలి, ఆ తర్వాత బీపీ జారుతుంది.

ఎముకలు బలహీనమైతే ముందుకు బాగా వంగే వ్యాయామాలు, బరువుతో నడుము తిప్పడం మానాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము కొద్దిగా పైకెత్తడం, గోడకానుకుని సగం కూర్చుని లేవడం, నడక, ఇవి చాలామందికి సరిపోతాయి. నడుము బెల్టు ఆటోలో, బస్సులో ప్రయాణానికి పెట్టుకోండి. రోజంతా కట్టుకుంటే కండరాలు ఇంకా సోమరిపోతులవుతాయి.

### పారాసెటమాల్

మాత్ర తప్పదంటే మొదట దీనికే చెయ్యి చాపాలి. ఇది ప్రధానంగా లివర్‌లో కరుగుతుంది. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ ఇదే. రెండు మోతాదుల మధ్య 6 నుంచి 8 గంటలు ఎడం, రోజు మొత్తానికి 3 గ్రాములకు లోపు. బక్కపల్చటివాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు ఇంకా తక్కువలోనే ఆగాలి.

దీనితో చిక్కల్లా దాని పక్కన చేరే వాటితోనే. "పారాసెటమాలే కదా" అని తీసుకున్న స్ట్రిప్‌లో ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కలిసి ఉంటాయి. జీరోడాల్-పి, కాంబిఫ్లామ్ ఈ కోవలోవే. స్ట్రిప్ వెనక పేర్లు చదివించుకోండి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్కలో అదీ కలపాలి. నీళ్లలో బుసబుస కరిగే రకం వద్దు. అందులో సోడియం ఎక్కువ, దాహం పెంచుతుంది.

### జెల్, ఆయింట్‌మెంట్, ప్యాచ్

నడుములో ఒకేచోట నొప్పి ఉన్నవాళ్లకి మంచి మధ్యేమార్గం. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్ర మింగినప్పటి దానిలో దాదాపు 6 శాతమే. అంటే సున్నా కాదు. మూత్రం మిగిలి ఉన్నవాళ్లు రోజుల తరబడి, వీపంతా పూసుకోకూడదు. రాసి, పైన గుడ్డకట్టి, వేడి పెడితే ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. లిడోకైన్ ప్యాచ్‌లో ఆ బెడద లేదు, కానీ ధర ఎక్కువ. దురద, ఎండు చర్మం ఉన్నవాళ్లకి మిరప సారంతో చేసే క్యాప్సైసిన్ క్రీము మంటెక్కిస్తుంది. ఏది రాసినా చేతులు కడుక్కోకుండా ఫిస్టులా ముట్టుకోవద్దు.

### డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు

నొప్పిని బాగా తగ్గిస్తాయి, అందుకే ప్రమాదం. మూత్రం ఇంకా వస్తున్నవారు వీటి జోలికి పోకూడదనే నేనంటాను. "నాకు మూత్రం ఎలాగూ రాదు, ఇక పాడవడానికి కిడ్నీ ఏముంది" అని కొందరు అడుగుతారు. ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ కడుపులో రక్తస్రావం, బీపీ పెరగడం, గుండె మీద భారం, ఇవి కిడ్నీతో పనిలేకుండా వస్తాయి. నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) తెలిసి, గ్యాస్ మాత్రతో కలిపి, మూడు నాలుగు రోజులు వాడటం వేరు. నెలకు సరిపడా కొనిపెట్టుకోవడం వేరు. ఇవే మందులు ఇంజక్షన్ రూపంలో వేసినా తేడా ఏమీ లేదు. పైగా డయాలసిస్ అయిన రోజు హెపారిన్ ప్రభావం ఉండగా కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారి గడ్డలా చేరవచ్చు.

### నరాల నొప్పి మందులు

నడుము నుంచి కాలి దాకా కరెంటు పాకినట్టుండే నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రాస్తారు. పనిచేస్తాయి, డయాలసిస్ దురదకి, రాత్రి కాళ్ల తహతహకి కూడా ఉపయోగపడతాయి. ఒక్క దెబ్బకి మూడు సమస్యలు తగ్గే అవకాశం ఉన్నది ఈ ఒక్క వర్గంలోనే. కానీ ఇవి పూర్తిగా కిడ్నీ దారిన పోయేవి. గాబాపెంటిన్ మామూలు మనిషి రక్తంలో 5 నుంచి 7 గంటల్లో సగమవుతుంది. మూత్రం లేనివారిలో, డయాలసిస్ లేని రోజుల్లో, అదే సగమవడానికి సుమారు 132 గంటలు పడుతుంది. మిషన్ మీద ఉండగా నాలుగు గంటలలోపే. అందుకే రోజుకు మూడుసార్లు అని కాకుండా, ప్రతి డయాలసిస్ తర్వాత 100 మి.గ్రా. తో మొదలుపెడతారు. మామూలు మోతాదు వేసుకుంటే మత్తు, తూలడం, చేతులు ఉలికిపడటం, మాట తడబడటం. ఇంట్లోవాళ్లు పక్షవాతమనుకుని పరుగెడతారు.

ఎమిట్రిప్టిలిన్ లివర్ దారిన పోతుంది, తక్కువ మోతాదులో రాత్రి నిద్ర కూడా పడుతుంది. కానీ నోరు ఎండగడుతుంది. నీళ్లు కొలుచుకు తాగే మనిషికి అదొక పరీక్ష.

### కండరాలు సడలించే మాత్రలు

వీటి గురించి చెప్పేది ఒక్కటే: బాక్లోఫెన్ వద్దు. ఒకటి రెండు మాత్రలకే డయాలసిస్ పేషెంట్లు స్పృహ తప్పిన ఉదంతాలు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. మిగతావి కూడా బీపీని పడేస్తాయి లేదా మత్తునిస్తాయి, ముసలివాళ్లు రాత్రి బాత్రూంకి లేచి పడిపోతారు.

### ట్రమడాల్, ఇంకా బలమైనవి

విరిగిన వెన్నుపూస, క్యాన్సర్, నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే వీటి అవసరం పడుతుంది, భయపడి దూరం పెట్టాల్సిన పనిలేదు. ట్రమడాల్ 12 గంటలకోసారి 50 మి.గ్రా. దాటనివ్వరు. ఎక్కువైతే వాంతులు, ఫిట్స్. అల్ట్రాసెట్ లాంటి వాటిలో ఇది పారాసెటమాల్‌తో కలిసి ఉంటుంది. మార్ఫిన్, కోడీన్ వాడకూడదు, వాటి అవశేషాలు పేరుకుని శ్వాస మందగిస్తుంది. అంత అవసరమైతే ఫెంటానిల్, బుప్రినార్ఫిన్ ప్యాచ్‌లు వీళ్లకి మెరుగు. వీటన్నిటితో మలబద్ధకం ఖాయం. డయాలసిస్‌లో పొటాషియం కొంత మలం ద్వారానే పోవాలి కాబట్టి, విరేచనం మందు మొదటి రోజు నుంచే పక్కన ఉండాలి.

### వెన్నులో ఇంజక్షన్

నరం నొక్కుకుపోయి కాలు లాగేస్తున్నవాళ్లకి స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది. డయాలసిస్ లేని రోజు పెట్టుకోవాలి, హెపారిన్ లేకుండా డయాలసిస్ ఎప్పుడు చేయాలో రెండు విభాగాల డాక్టర్లూ మాట్లాడుకోవాలి. షుగర్ కొన్ని రోజులు ఎగబాకుతుంది. క్యాథటర్ ఉన్నవారికి ఇన్‌ఫెక్షన్ లేదని తేలాకే.

### నాటు మందులు, "ఎముక బలం" తిండి

పేరు లేని పొట్లాల్లో ఏముందో ఎవరికీ తెలియదు, స్టెరాయిడ్ కలిసినవీ ఉంటాయి. నడుము నొప్పికి పేరున్న మహాయోగరాజ గుగ్గులు తయారీలో సీసం, వంగం లాంటి లోహ భస్మాలు ఉంటాయి. వాటిని బయటికి పంపే దారి వీళ్లకి లేదు. ఇక మటన్ కాళ్ల సూప్, రాగి జావ, నువ్వులుండలు, పాలు. ప్రేమతో పెడతారు. భాస్వరం ఎక్కువై అసలు ఎముకకే చేటు. క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు కూడా రిపోర్టు చూడకుండా సొంతంగా వేసుకోవద్దు. ఎముకల పలచదనానికి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజక్షన్ డయాలసిస్ పేషెంట్లలో క్యాల్షియాన్ని ప్రమాదకరంగా పడేస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. నెఫ్రాలజిస్టు ప్రమేయం లేకుండా ఎవరైనా వేస్తానంటే ఆగమనండి.

## ఒక్క చూపులో

| మార్గం | మూత్రం ఇంకా వస్తుంటే | పూర్తిగా ఆగిపోతే | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|
| కాపడం, మర్దన | సరే | సరే | స్పర్శ లేనిచోట కాలడం |
| ఫిజియోథెరపీ | మొదటి ఎంపిక | మొదటి ఎంపిక | వారాలు పడుతుంది, ఓపిక కావాలి |
| పారాసెటమాల్ | సరే | సరే | కలిపిన మాత్రలతో పొరపాటు |
| డైక్లోఫెనాక్ జెల్ | కొద్దిచోట, కొద్దిరోజులు | సరే, పరిమితంగా | ఎక్కువ రాస్తే లోపలికి చేరడం |
| డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు | వద్దు | డాక్టరు చెబితే కొద్దిరోజులు | రక్తస్రావం, బీపీ, గుండె |
| గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ | తక్కువ మోతాదు | డయాలసిస్ తర్వాత మాత్రమే | మత్తు, తూలడం |
| బాక్లోఫెన్ | వద్దు | వద్దు | స్పృహ తప్పడం |
| ట్రమడాల్ | తీవ్రమైన నొప్పికే | తీవ్రమైన నొప్పికే, తక్కువ మోతాదు | ఫిట్స్, మలబద్ధకం |

## ఎవరికి ఏది

ఉద్యోగం చేసుకుంటూ, మూత్రం కొంత వస్తున్న నడివయసు మనిషికి నా సలహా ఫిజియోథెరపీ, అవసరమైన రోజు పారాసెటమాల్. ఆఫీసులో లీవు దొరకదని త్వరగా తగ్గే మాత్ర కావాలనిపిస్తుంది. అక్కడే నిలదొక్కుకోవాలి, ఎందుకంటే ఆ కొద్ది మూత్రం ఒకసారి పోతే తిరిగి రాదు.

షుగర్ ఉండి, అరవై ఐదు దాటి, ఒంటరిగా ఉండేవారికి నొప్పి కంటే పడిపోవడమే పెద్ద గండం. కాలికి పాకే నొప్పి ఉన్నా గాబాపెంటిన్ మొదలుపెట్టేముందు ప్యాచ్, జెల్ ప్రయత్నించి చూడాలి. మొదలుపెడితే, డయాలసిస్ అయ్యాక ఇంటికి చేరి, రాత్రి పక్కన ఎవరైనా ఉన్నప్పుడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల నుంచి పలాసకో సోంపేటకో ఆటోలో వచ్చిపోయేవాళ్లకి సగం నొప్పి రోడ్డుదే. ప్రయాణానికి బెల్టు, వీపు వెనక చుట్టిన తువ్వాలు, కుర్చీ బదులు మంచం ఖాళీ ఉంటే ఇమ్మని అడగడం, మిషన్ మీద గంటకోసారి కాళ్లు కదిలించడం. ఇవన్నీ డబ్బు ఖర్చు లేనివి. కూలి పనులు చేసిన రోజుల నుంచి ఒళ్లునొప్పులకి మాత్ర వేసుకునే అలవాటు ఉంటే, అది డయాలసిస్‌లోకి వచ్చాకైనా ఆపాలి.

పొట్టలో ద్రావణం నింపుకునే డయాలసిస్ వాళ్ల కథ వేరు. రెండు లీటర్ల బరువు ముందుకు లాగి నడుము లోపలికి వంగిపోతుంది. వీళ్లకి మందు మార్చడం కంటే ద్రావణం మార్చుకునే పద్ధతి మార్చడం ఎక్కువ ఉపయోగం: ఒక్కోసారికి తక్కువ పరిమాణం, లేదా రాత్రి పడుకున్నప్పుడు మిషన్‌తో. వ్యాయామం పొట్ట ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి, లేకపోతే హెర్నియా రావచ్చు.

పదేళ్లకు పైగా డయాలసిస్‌లో ఉండి, మెడ, భుజాలు, వేళ్ల తిమ్మిరితో పాటు నడుము నొప్పి ఉంటే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ కీళ్లలో, వెన్నులో పేరుకున్న అనుమానం వస్తుంది. మామూలు డయాలసిస్ దాన్ని సరిగ్గా తీయలేదు. హై ఫ్లక్స్ డయలైజర్ (పెద్ద రంధ్రాల వడపోత), వీలైతే హీమోడయాఫిల్ట్రేషన్ (ఇంకా బాగా వడపోసే డయాలసిస్ పద్ధతి) గురించి, కిడ్నీ మార్పిడికి అర్హత గురించి నెఫ్రాలజిస్టుతో మాట్లాడాల్సిన సమయం అది.

ఎముకల డాక్టరు రాసిన చీటీని మందుల షాపుకి తీసుకెళ్లే ముందు డయాలసిస్ యూనిట్లో చూపించండి. చూపించేటప్పుడు అడగాల్సినవి: ఇందులో కిడ్నీ దారిన పోయేవి ఏవి, డయాలసిస్ రోజు ముందు వేసుకోవాలా తర్వాతా, ఎన్ని రోజులకి ఆపాలి. చీటీ పైన "డయాలసిస్ పేషెంట్" అని పెద్ద అక్షరాలతో రాయించుకుంటే షాపువాడు బదులు మందు ఇచ్చే ముందు ఒకసారి ఆగుతాడు.